కేజీహెచ్ గేటు దగ్గర ఆదివారం ప్యాకెట్లు: కొనసాగించాలా, మానెయ్యాలా?

సింహాద్రి భక్తుడు (చర్చ మొదలుపెట్టినవారు)
మా కాలనీవాళ్ళం కొందరం కలిసి ఆదివారం ఆదివారం పులిహోర కలిపించి, ప్యాకెట్లు కట్టి విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గేటు దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పంచుతున్నాం. పుట్టినరోజో, తద్దినమో, ఎవరింట్లో ఏ సందర్భం వస్తే ఆ వారం ఖర్చు వాళ్ళది. ఈమధ్య మా గ్రూపులోనే ఒక పెద్దాయన ఇది మానేసి ఆ డబ్బు వేరే దారిలో పెట్టమంటున్నారు. రోడ్డు మీద పెడితే జనాన్ని రోడ్డుకి అలవాటు చేసినట్టేనట. నాకు మనసొప్పడం లేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడితే తప్పేంటి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

డాల్ఫిన్ కిరణ్
కంటిన్యూ చెయ్యండి సార్. అన్నదానాన్ని మించింది లేదు.

రిటైర్డ్ మాస్టారు
ఆ పెద్దాయనెవరో నాకు తెలీదు గానీ నా మాటా అదే. ఆదివారం పొద్దున్న కాంప్లెక్స్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. మీ వ్యాను, ఇంకో ట్రస్టువాళ్ళది, పుట్టినరోజువాళ్ళ కారు, అన్నీ ఆ గంటలోనే వచ్చి వెళ్ళిపోతాయి. ఒక ముసలావిడ నాలుగు ప్యాకెట్లు కొంగున మూట కట్టుకుంది. సాయంత్రం నేను తిరుగు బస్సుకి వచ్చేసరికి అందులో ఒకటి విప్పింది. అన్నం తీగ సాగుతోంది. ఆవిడ వేళ్ళతో కలిపి అలాగే తినేసింది. అదే మనిషికి మంగళవారం రాత్రి అడిగే దిక్కు లేదు.

అన్న క్యాంటీన్లో పూటకి 5 రూపాయలు. 2018లో పెట్టారు, 2019లో మూతబడ్డాయి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మీ ప్యాకెట్ ఒక్కోటి ముప్ఫై రూపాయలైనా పడుతుంది కదా. ఆ ముప్ఫైతో ఒక మనిషి రెండు రోజులపాటు మూడు పూటలా కూర్చుని, పళ్ళెంలో, వేడిగా తింటాడు. కౌంటర్ దగ్గర నిలబడి పదిమందికి డబ్బు కట్టండి. వ్యాను ఎందుకు, బ్యానరెందుకు?

వంటల పద్మ
మాస్టారూ, నమస్తే. నేను కేటరింగ్ చేస్తాను. ముందు ఆ పులిహోర సంగతి తేల్చుకుందాం. చింతపండు గుజ్జు నూనె పైకి తేలేదాకా ఉడికించి, అన్నం పళ్ళెంలో బాగా ఆరబోసి కలిపితే రాత్రిదాకా ఏమీ కాదు. పొగలు కక్కే అన్నంలో కలిపేసి వెంటనే కవరులో మూట కడితే లోపల చెమ్మ పట్టి పాడవుతుంది. అది కట్టినవాళ్ళ తప్పు. దానికి అన్నదానమే మానెయ్యమంటే ఎలా?

ఇక క్యాంటీన్. కాలికి పుండున్నవాడు అక్కడిదాకా నడవగలడా? రాత్రి భోజనం తొమ్మిదింటికి అయిపోతుంది. పదకొండింటి రైలు దిగి జ్ఞానాపురం వైపు ఫుట్‌పాత్ మీద పిల్లతో కూర్చున్నదానికి ఏ కౌంటరు తెరిచి ఉంటుంది?

సాగరకన్య
పద్మగారు చెప్పినట్టు ఆరబెట్టాలి. మా అత్తగారు పసుపు, నూనె అన్నానికి ముందే పట్టిస్తారు.

ఆటో అప్పారావు
డబ్బులు మాత్రం ఇవ్వకండి. మా స్టాండు కాడ ఒకడికి యాభై ఇస్తే సాయంత్రానికి తాగి పడిపోనాడు.

రిటైర్డ్ మాస్టారు
పులిహోర గురించి కాదమ్మా నేనంటున్నది. మీరు ఎంత బాగా కలిపినా వారానికి ఒక పూటే. అడగాల్సింది వాళ్ళకి మిగిలిన ఇరవై పూటలు ఎలా గడుస్తున్నాయని. అరవై దాటిన ఆ ముసలావిడకి నెలకి 4,000 పింఛను రావాలి. రాదు, ఎందుకంటే ఆధార్ లేదు. ఆధార్ ఎందుకు లేదంటే ఇల్లు లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న షెల్టర్లో చేరితే దాని అధికారి ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆధార్ తీసుకోవచ్చు. దాని వెనకాలే రైస్ కార్డు, పింఛను. ఒక్క మనిషిని వెంటబెట్టుకుని ఈ పని పూర్తి చేస్తే, మీరు ఏడాదంతా పంచిన ప్యాకెట్లకంటే ఎక్కువ అన్నం పెట్టినట్టు.

వంటల పద్మ
ఆకలేసినవాడికి ఆధార్ కార్డు వడ్డిస్తారా మాస్టారూ?

మా అమ్మని ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మాది విజయనగరం అవతల పల్లె. పేషెంటుకి భోజనం ఇస్తారు, పక్కనున్నవాళ్ళకి ఇవ్వరు. అమ్మ నాలుగు ముద్దలు తిని కడుపు నిండిపోయిందని చెప్పి పళ్ళెం నా వైపు తోసేది. రెండు రోజులకి నాకు అర్థమయింది. ఆ తర్వాత బయట ఎవరో సాంబారన్నం పంచుతుంటే వెళ్ళి నిలబడ్డాను. నా దగ్గర రేషన్ కార్డుంది, ఇల్లుంది, అన్నీ ఉన్నాయి. ఆ పూట చేతిలో డబ్బు లేదు, అంతే. ఆ అన్నం పెట్టినవాళ్ళని అలవాటు చేస్తున్నారని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

వార్డు నర్స్
పద్మక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి వచ్చినవాళ్ళు రోజుల తరబడి వరండాల్లో, చెట్ల కింద గడిపేస్తారు. వాళ్ళు వేరు, ఏళ్ళ తరబడి రోడ్డు మీదున్నవాళ్ళు వేరు. ఇద్దరికీ ఒకటే మందు అనుకుంటే కుదరదు.

డ్యూటీ దిగాక బస్టాపు దగ్గర ఒకావిడకి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వబోతే "అది తర్వాత, కాసేపు నా మూట చూడమ్మా, బాత్రూముకెళ్ళొస్తాను" అంది. మూట వదిలితే పోతుందని పొద్దున్నుంచీ ఆపుకుని కూర్చుందట. అందులో రెండు చీరలు, ఒక సత్తు గిన్నె, ప్లాస్టిక్ కవరులో మందుల చీటీ. తిరిగొచ్చాక బిస్కెట్లు తీసుకుంది. అప్పట్నుంచి నేను ముందు "ఏం కావాలమ్మా" అని అడుగుతున్నాను. ఒకరు చెప్పులడిగారు. దోమలకి పడుకోలేకపోతున్నామని దుప్పటి అడిగినవాళ్ళే ఎక్కువ. ఆడపిల్లలు నెలసరి గుడ్డలు నోరు తెరిచి అడగరు, మనమే ఇవ్వాలి. పుండుకి కట్టు కట్టించుకోమని చెబితే రారు, పక్కన నడిస్తే వస్తారు.

డాల్ఫిన్ కిరణ్
హుద్‌హుద్ తుఫాను అప్పుడు గుర్తుందా? 2014లో. పాల ప్యాకెట్ కోసం అందరం లైన్లో నిలబడ్డాం. కార్లున్నవాళ్ళు కూడా.

రిటైర్డ్ మాస్టారు
గుర్తుంది. కరెంటు రాగానే మనం ఇళ్ళలోకి వెళ్ళిపోయాం. వీళ్ళు వెళ్ళడానికి ఇళ్ళేవి?

సింహాద్రి భక్తుడుగారూ, మీకు సూటిగానే చెబుతాను. మీ ప్యాకెట్ మీ పుణ్యం కోసం, వాళ్ళకోసం కాదు. వాళ్ళకోసమే అయితే ప్యాకెట్ చేతికిస్తూ కెమెరా వైపు చూడరు.

సింహాద్రి భక్తుడు
మాస్టారూ, పెద్దవారని ఇంతసేపూ ఓర్చుకున్నాను. మా నాన్నగారు చనిపోయిన ఏడాది నుంచి మొదలుపెట్టాను ఈ పని. ఆయన పేరు బ్యానర్ మీద రాయించాను, దానికి నేను సిగ్గుపడను. ఫొటోలు చూసే ఇంకో ఆరిళ్ళవాళ్ళు కలిశారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆడవాళ్ళు కూరలు తరుగుతారు. మీరు కంప్యూటర్ ముందు కూర్చుని మాకు పుణ్యం లెక్కలు చెబుతారా? మీరెంతమందికి పెట్టారో చెప్పండి ముందు.

సాగరకన్య
మర్యాదగా మాట్లాడుకుందాం.

ఆటో అప్పారావు
ఏటండీ ఇదంతా. నేను అనకూడదనుకున్నాను గానీ అనాలి. సింహాద్రి భక్తుడుగారూ, మీరే కదా కాలనీ సెక్రటరీ, మీ కాలనీ పక్క రోడ్డులోనే నేనుంటాను. కమ్యూనిటీ హాలు ఊరికే పడుందని, రాత్రిళ్ళు దిక్కులేనోళ్ళకి షెల్టర్ చేద్దారని మాట వచ్చినప్పుడు వద్దని సంతకాలు ఎవరు తిప్పేరు? మా ఇంటికి కూడా తెచ్చేరు కాయితం. మా ఆవిడ పెట్టలేదు. ఆదివారం కాంప్లెక్స్ కాడికెళ్ళి పెడతారు, ఆళ్ళే మన ఈదిలోకి వస్తానంటే తలుపేసేస్తారు. అదేటండి?

వంటల పద్మ
నిజమా సెక్రటరీగారూ?

సింహాద్రి భక్తుడు
నిజమే. సంతకాలు నేనే తీసుకున్నాను, దాచుకోవాల్సిన పని లేదు. ఆ హాలు పక్కనే పిల్లలు ఆడుకుంటారు. తాగినవాళ్ళు వస్తారు, మతిస్థిమితం లేనివాళ్ళు వస్తారు. అర్ధరాత్రి గొడవైతే ఎవరు చూస్తారు? హాలుకి వాచ్‌మేన్ లేడు. మా వీధిలో సగంమంది ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళు, పిల్లలు అమెరికాలో. వాళ్ళ భయం భయం కాదా? ఊళ్ళో ఇంకెక్కడా జాగా లేనట్టు ఇళ్ళ మధ్యే పెట్టాలా? అన్నం పెట్టడం నా ధర్మం. మా ఆడపిల్లల్ని చూసుకోవడం కూడా నా ధర్మమే.

రిటైర్డ్ మాస్టారు
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఇంతసేపూ మనం పులిహోర గురించి కొట్టుకున్నాం.

లక్ష జనాభాకి ఒక షెల్టర్, ఇరవైనాలుగ్గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనాభా లెక్కల్లోనే మన నగరం 17 లక్షలు దాటింది. 2013లో వచ్చిన కేంద్ర పథకం మనిషికి 50 చదరపు అడుగుల చోటుండాలంది. కాయితం మీద అన్నీ ఉన్నాయి. ప్రతి వీధీ "మా దగ్గర వద్దు" అంటే షెల్టర్ ఊరవతల కడతారు. ఊరవతల కూలిపని దొరకదు, ఆసుపత్రి ఉండదు. అందుకే మళ్ళీ ఫుట్‌పాత్‌కే వస్తారు. వస్తే "చూశారా, షెల్టరిచ్చినా ఉండరు" అంటాం.

మతిస్థిమితం లేనివాళ్ళు అన్నారు కదా. మా తమ్ముడు అలాంటివాడే. ఒకరోజు చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి వెతికాం. ఒడిశాలో ఒక స్టేషను బయట ఉన్నాడని చివరికి తెలిసింది. అన్నేళ్ళు వాడు బతికే ఉన్నాడంటే ఎవరో ఒకరు తిండి పెట్టబట్టే. కానీ అంతమందిలో ఒక్కరూ పేరు అడగలేదు. ఒక టీ కొట్టతను అడిగాడు. వాడు ఇంటిపేరు చెప్పలేదు, చదువుకున్న బడి పేరు చెప్పాడు. ఆ బడికి ఫోనొచ్చింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. మాత్రలు వేసుకుంటాడు, మొక్కలకి నీళ్ళు పోస్తాడు. మీ వీధికి వస్తే మీరు భయపడేది వాడిని చూసే.

వార్డు నర్స్
మాస్టారూ, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 100వ సెక్షన్ ఇలాంటివాళ్ళ గురించే. దిక్కులేకుండా తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు సంరక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యుల దగ్గరికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషిగా కేసు రాసి ఇంటివాళ్ళని వెతకాలి. మనకైతే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. ప్యాకెట్లు పంచేవాళ్ళకి ఎవరు మాసిన బట్టలతో తనలో తను మాట్లాడుకుంటున్నారో బాగా తెలుస్తుంది. అక్కణ్ణుంచే 112కి ఫోన్ చెయ్యొచ్చు. దిక్కులేని వృద్ధులైతే 14567, పిల్లలైతే 1098.

వంటల పద్మ
మాస్టారూ, మీ తమ్ముడి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక్కటి అడుగుతాను. ఆ టీ కొట్టతను ముందు టీ ఇచ్చాకే కదా పేరు అడిగింది?

రిటైర్డ్ మాస్టారు
అవును. రోజూ ఇచ్చాడు. అదే గ్లాసు, అదే బల్ల. వారానికోసారి వ్యానులో వచ్చి వెళ్ళిపోలేదు. మీ సాంబారన్నం మీద నాకు కోపం లేదమ్మా. ఆసుపత్రి బయట పెట్టండి, అక్కడ అవసరం. ఏళ్ళ తరబడి ఒకే చోట కూర్చున్న మనిషికి ఏళ్ళ తరబడి ప్యాకెట్టే ఇస్తున్నాం చూడండి, నా కోపం దాని మీద.

డాల్ఫిన్ కిరణ్
ఆదివారం నేనొస్తాను. పేర్లు, ఊళ్ళు అడిగి రాసుకుంటాను. ఒడియా, హిందీ వచ్చు.

వార్డు నర్స్
చెప్పడానికి ఇష్టపడకపోతే వదిలెయ్యి తమ్ముడూ. పేరు చెబితేనే ప్యాకెట్ అన్నట్టు చెయ్యకు. ఫోటోలు తియ్యకు.

సింహాద్రి భక్తుడు
మాస్టారూ, మీ తమ్ముడిగారి విషయం నాకు తెలియదు. కష్టం విన్నాను. కానీ ఒక ఇంట్లో అన్నగారి కళ్ళముందు మాత్రలు వేసుకునే మనిషి వేరు, ఎవరో ఏమిటో తెలియని యాభైమంది ఒక హాల్లో పడుకోవడం వేరు. ఆ తేడా మీరు ఒప్పుకోవాలి.

రిటైర్డ్ మాస్టారు
ఒప్పుకుంటాను. యాభైమందితో మొదలుపెట్టమని నేను అనలేదు. పిల్లలున్న ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పదిమంది. వాచ్‌మేన్ జీతం చందా వేసుకుందాం, నా పింఛనులోంచి నా వంతు ఇస్తాను. వాచ్‌మేన్ ఉంటే మీ వీధి ముసలివాళ్ళకీ ధైర్యమే.

ఆటో అప్పారావు
రాత్రిపూట ఆళ్ళని తీసుకురావడానికి నా బండి ఉంది. డీజిల్ పోయిస్తే చాలు.

సింహాద్రి భక్తుడు
ఇది నా ఒక్కడి ఇల్లు కాదు అప్పారావ్, కమిటీ ఉంది. ఆడవాళ్ళు మాత్రమే అంటే కొందరు వింటారేమో. సగంమంది వినరు. నాకే ఇంకా పూర్తిగా మనసు లేదు, ఉన్నట్టు చెబుతున్నాను.

వంటల పద్మ
మీటింగులో ముందు అదే అడుగుతారు, నేనే అడిగేస్తాను. హాల్లో బాత్రూములు ఎన్ని?

సింహాద్రి భక్తుడు
రెండు. ఒకదానికి గడియ లేదు. అడిగారని చెప్పాను, ఒప్పుకున్నట్టు కాదు.