మేరియెట్టాకు పునాది వేసింది ఎవరు?

కొలంబస్ వాసి: పోయిన శనివారం పిల్లలతో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న మేరియెట్టా వెళ్ళొచ్చాం. ఒహాయో నదిలో మస్కింగమ్ నది కలిసే చోట ఉన్న చిన్న ఊరు. 1788 ఏప్రిల్ 7న మాజీ సైన్యాధికారి రూఫస్ పట్నమ్ వెంట 48 మంది పడవల్లో వచ్చి దిగారు, ఈ ప్రాంతంలో "మొదటి శాశ్వత స్థావరం" అలా పుట్టింది అంటారు. నాకిది మింగుడు పడలేదు. అక్కడి శ్మశానం మధ్యలో ముప్పై అడుగుల మట్టి దిబ్బ ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటిది. దాని చుట్టూ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన అధికారుల సమాధులు. అంతకుముందు ఎవరూ లేనట్టు 1788 నుంచే లెక్క మొదలుపెట్టడం న్యాయమా?

ఏటిగట్టు: దిబ్బ వేరు, ఊరు వేరు అండీ. ఇలాంటి దిబ్బలు సమాధులకీ ఆచారాలకీ కట్టినవి. వీళ్ళు వచ్చేసరికి వాటి మీద పెద్ద చెట్లు పెరిగి ఉన్నాయి. పట్నమ్ మనుషులు వాటిని చదును చేయకుండా, ఊరి ప్లాన్‌లోనే వాటికి స్థలం వదిలారు. వాళ్ళలో చాలామంది మాజీ సైనికులు. జీతం కింద ఇచ్చిన కాగితాల విలువ పడిపోతే, వాటితోనే భూమి కొన్నారు. ఇంకో సంగతి, ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతం పాలన కోసం చేసిన 1787 చట్టం ఇక్కడ బానిసత్వాన్ని నిషేధించింది. నదికి అవతల వర్జీనియాలో బానిసత్వం నడుస్తూనే ఉంది. ఈ తేడా నా దృష్టిలో చాలా పెద్దది.

కొలంబస్ వాసి: అదే చట్టం, అమెరికా ఆదివాసుల (వాళ్ళను ఇండియన్లనేవారు) భూమిని వాళ్ళ సమ్మతి లేకుండా తీసుకోకూడదని కూడా చెప్పింది కదండీ. 1789లో ఇక్కడి సైనిక కోట ఫోర్ట్ హార్మర్‌లో కొన్ని ఆదివాసీ తెగలతో భూమి ఒప్పందం చేసుకున్నారు, షానీ తెగవాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. 1791 జనవరిలో మస్కింగమ్ ఎగువన బిగ్ బాటమ్ అనే వలసవాసుల స్థావరం మీద ఆదివాసులు దాడి చేశారు. ఆదివాసులతో యుద్ధం ముగించిన 1795 గ్రీన్‌విల్ ఒప్పందం దాకా ఊరివాళ్ళు కోట గోడల చాటునే బతికారు. సమ్మతి ఉంటే ఆ గోడలెందుకు?

పాత పటాలు: మీరిద్దరూ వదిలేసినవాళ్ళు ఇంకొందరున్నారు. ఫోర్ట్ హార్మర్‌ను 1785లో, అంటే పట్నమ్ రాకముందే కట్టారు. పట్టా లేకుండా ఒహాయో గట్టున గుడిసెలు వేసుకున్న తెల్ల రైతులను ఆపడం దాని పనుల్లో ఒకటి. ఆ ఏడాదే సైన్యం అలాంటి గుడిసెలను తగలబెట్టింది కూడా. వాళ్ళూ చెట్లు కొట్టారు, మొక్కజొన్న వేశారు. కాగితం లేదు కాబట్టి తొలి నివాసుల జాబితాలో లేరు. "మొదటి శాశ్వత స్థావరం" అంటే నాకు "మొదటి పట్టా ఉన్న స్థావరం" అనే అర్థమవుతుంది.

ఇక ఎదుగుదల అంటారా, అది నది చలవే. 1800 నుంచి ఇక్కడ ఓడలు కట్టి, ఒహాయో, మిసిసిపీల మీదుగా సముద్రానికి పంపారు. 1807లో విదేశీ వ్యాపారంపై నిషేధం రాగానే ఆ పని కూలబడింది.

ఏటిగట్టు: పట్టా మాట ఒప్పుకుంటున్నానండీ, నేనలా ఆలోచించలేదు. కానీ బానిసత్వం విషయంలో నా మాట మారదు. దిబ్బల సంగతి తలుచుకుంటే మాత్రం బాధేస్తుంది. నది నుంచి పైకి వచ్చే, సేక్రా వయా అని పేరు పెట్టిన దారికి రెండు పక్కలా ప్రాచీనులు కట్టిన మట్టి గోడలుండేవి. మొదటి తరం వాటిని కాపాడింది. తర్వాతి వాళ్ళు ఆ మట్టి తవ్వి ఇటుకలు కాల్చారు.