చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి యూనిట్ టెస్టులు రాయాల్నా? పైటెస్ట్ వాడేవాళ్ళు చెప్పండప్పా

డ్రిప్_బిల్లింగ్ (అనంతపురం)
అన్నలూ, మాది అనంతపురంలో చిన్న ఆఫీసు, ముగ్గురం. డ్రిప్ సామాను, మోటార్లు అమ్మే షాపులకి పైథాన్‌లో బిల్లింగ్ చేసిస్తాం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారినప్పుడు డ్రిప్ సామాను 12 శాతం నుంచి 5కి వచ్చె, పీవీసీ పైపు 18లోనే ఉండిపాయ, రెండూ ఒకే బిల్లులో పడతాయి. దానికి తోడు పాత బిల్లు సరుకు ఇప్పుడు వాపసు వస్తే క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించే కాయితం) పాత 12తోనే వెయ్యాల. ఆడే గోలంతా. మా దగ్గర కొత్తగా చేరిన పాప పైటెస్ట్ (కోడ్ జవాబు సరిగ్గా ఉందా అని తనే చెక్ చేసే పైథాన్ టూల్) పెడదాం సార్, రెండు వారాలు టైమ్ ఇవ్వండి అంటాంది. రెండు వారాలంటే నాకు జీతాలు. ఇంత చిన్నదానికి టెస్టులు అవసరమా, చేత్తో చెక్ చేసుకుంటే చాలదా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
వద్దు. నేను ఎప్పటినుంచో షాపులకి బిల్లింగ్ చేస్తున్నా, ఒక్క టెస్ట్ ఫైలూ రాయలేదు, ఏ షాపూ మూతపడలేదు. నా పద్ధతి విను. మార్పు చేసినాక షాపుకి పోయి పాత బిల్లుల కట్ట తీసుకొని, అందులో చిక్కువి ఏరి, మళ్ళీ కొట్టి, ప్రింట్ తీసి గుమాస్తా ముందర పెడతా. ఆయన టిక్కు కొడితే అయిపాయ, అదే టెస్టు. టెస్ట్ కోడ్ కూడా కోడే గదా, దాన్ని ఎవడు టెస్ట్ చెయ్యాల మళ్ళీ? పని రెండింతలు, డబ్బులు మాత్రం పార్టీ ఇచ్చే ఆ ఒక్కసారే.

పెన్నా_ఒడ్డు (హిందూపురం, ఉద్యోగం బెంగళూరు)
రెండు వారాలు ఎందుకప్పా, మొదటి టెస్ట్ ఈ పూటే రాసుకోవచ్చు. పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ అని ఒకటుంది, 2001లో పైథాన్ 2.1తో వచ్చింది, జావా వాళ్ళ జేయూనిట్ చూసి చేసినది, దాంట్లో క్లాసు రాసి లోపల సెల్ఫ్ డాట్ అసర్ట్ ఈక్వల్ అని కొట్టాల. పైటెస్ట్‌లో ఆ తతంగం లేదు. టెస్ట్_ అని పేరు మొదలయ్యే ఫైలు, టెస్ట్_ అని మొదలయ్యే ఫంక్షను, లోపల మామూలు అసర్ట్ (జవాబు ఇంత రావాల అని చెప్పే లైను), అంతే. ఫెయిలైతే రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అని రెండూ చూపిస్తుంది. మీ కేసుకి నాలుగు లైన్ల పట్టిక చాలు: 21వ తేదీ బిల్లు, డ్రిప్, 12. 22వ తేదీ బిల్లు, డ్రిప్, 5. 21న కొన్నది 25న వాపసు, 12. పైపు ఏ తేదీ అయినా 18. దీన్ని పారామెట్రైజ్‌లో పెడితే ఒకే ఫంక్షను నాలుగు సార్లు తిరుగుతుంది. రేపు మళ్ళీ రేట్లు మారితే ఇంకో లైను.

ఇంకోటి, రౌండాఫ్ కూడా చూసుకోండి. 8250 రూపాయల లేటరల్ పైపు (ఇది డ్రిప్ సామానే, పీవీసీ పైపు కాదు), 5 శాతం 412.50, మొత్తం 8662.50. దీన్ని పైథాన్‌లో రౌండ్ చేస్తే 8662 వస్తుంది, 8663 కాదు. ఇట్లాంటివి గుమాస్తా టిక్కులో దొరకవు.

గడియారస్తంభం
హిందూపురం 2022 నుంచి సత్యసాయి జిల్లా గదన్నా, అనంతపురం వాళ్ళకి సలహా ఇయ్యాలంటే వీసా కావాల 😀

కొండారెడ్డి_బురుజు
చేతికొచ్చింది రాయొద్దు తమ్ముడూ. 8662.5ని రౌండ్ చేస్తే 8662 ఎట్ల వస్తుంది, అర్ధ రూపాయి ఉంటే పైకి పోతుందని మూడో క్లాసు పిల్లోడు చెప్తాడు. ఇప్పుడే నా మిషన్‌లో కొట్టి చూసినా, 8663.0 వచ్చింది. చూసి మాట్లాడాల.

పెన్నా_ఒడ్డు
నేనూ ఇప్పుడే కొట్టినా. 8662. పైథాన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు పక్కనున్న సరి సంఖ్యకి పోతుంది, బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. 8663.5 కొట్టండి, 8664 వస్తుంది. 8662.5 కొట్టండి, 8662.

కొండారెడ్డి_బురుజు
8663.0. మళ్ళీ కొట్టినా. మళ్ళీ 8663.0. నీ మిషన్ మార్చుకో.

బళ్ళారి_చౌరస్తా
అది సరే గానీ రూపాయికి రౌండ్ చెయ్యమని జీఎస్టీ చట్టం సెక్షన్ 170లో ఉంది, 50 పైసలు, ఆ పైన ఉంటే రూపాయి, తక్కువైతే వదిలెయ్. కానీ అది పన్ను మొత్తానికి, బిల్లు మొత్తానికి కాదు. ఆ లెక్కన సీజీఎస్టీ 206.25, ఎస్‌జీఎస్టీ 206.25 వేరువేరుగా చేస్తే 206, 206. అప్పుడు మీ ఇద్దరి పద్ధతీ తప్పే.

డ్రిప్_బిల్లింగ్
మా ఆడిటర్ బిల్లు కింద ఒకటే రౌండాఫ్ లైన్ వెయ్యమన్నాడు సార్. దయచేసి దీంట్లోకి సెక్షన్లు తేవద్దు.

కొండారెడ్డి_బురుజు
ఈ టెస్టుల పిచ్చి నేను చూడంది కాదు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేసినా కొన్నాళ్ళు, పేరు ఎందుకులే. ఆడ కవరేజ్ (టెస్టుల్లో ఎన్ని కోడ్ లైన్లు నడిచినాయనే లెక్క) ఇంత శాతం ఉంటేనే కోడ్ లోపలికి పోతుందని రూలు పెట్టినారు. పిల్లోళ్ళు ఏం చేసిరి? ఫంక్షన్‌ని పిలిచేది, వచ్చిన జవాబుని పట్టించుకోకుండా వదిలేసేది. అసర్ట్ అనేదే లేదు. కవరేజ్ మాత్రం పచ్చగా మెరుస్తుండె, మేనేజర్ ఆ పచ్చ రంగు స్క్రీన్ పెట్టుకొని మీటింగుల్లో తిరిగె. నెల తిరిగేసరికి జీతాల లెక్కలో పీఎఫ్ తప్పు పడి అందరి ఫోన్లూ నాకే. టెస్ట్ రాసినోడికి ప్రమోషన్, చేత్తో పట్టుకొని సరిచేసినోడికి తిట్లు. అప్పుడే దండం పెట్టి ఊరికి వచ్చేసినా.

పెన్నా_ఒడ్డు
కవరేజ్ గురించి ఇక్కడ ఎవరు మాట్లాడినారన్నా? ఆ లైను నడిచిందా లేదా అని చెప్తుందే గానీ జవాబు సరిగ్గా ఉందా అని కవరేజ్ చెప్పదు, అది నేనూ ఒప్పుకుంటా. నేను చెప్పేది నాలుగు అసర్ట్‌లు.

కొండారెడ్డి_బురుజు
ఈ రోజు నాలుగు, రేపు నాలుగు వందలు. ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు.

కడప_కారం
ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొట్టండి సామీ, సగం గొడవ తీరిపోతుంది.

వేంపల్లె_వెబ్
ఒక్క మాట. బురుజన్న పెట్టిన జవాబులో 8663 పక్కన పాయింట్ సున్నా ఉంది చూడండి. పైథాన్ 3లో రౌండ్‌కి ఒకటే నంబర్ ఇస్తే పూర్ణాంకం వస్తుంది, పాయింట్ సున్నా రాదు. అన్న పాత పైథాన్ 2.7లో కొడుతున్నాడు. 2.7లో సగం వస్తే పైకే పోతుంది, 3లో సరి సంఖ్యకి పోతుంది. ఇద్దరూ కరెక్టే.

పెన్నా_ఒడ్డు
అద్గదీ! ఒకటే లైను, ఒక్క అక్షరం మార్చలేదు, కింద పైథాన్ మారితే బిల్లు రూపాయి మారింది. 2.7కి సపోర్ట్ 2020 జనవరి 1తోనే ఆగిపాయ, రేపు పాత మిషన్ పోయి కొత్తది వస్తే మీ షాపుల్లో ఇదే జరుగుతుంది. రౌండాఫ్ మీద ఒక్క టెస్ట్ ఉంటే మొదటి నిమిషంలోనే ఫెయిల్ అని ఎర్రగా అరుస్తుంది, పోయి డెసిమల్‌లో రౌండ్ హాఫ్ అప్ (సగం వస్తే పైకే) పెట్టుకుంటాం.

కొండారెడ్డి_బురుజు
2.7 అయితే ఏం? షాపులో ఉండేదీ అదే, అది నడుస్తుంది, నేను మార్చను. మార్చేటప్పుడు నాకు తెలుస్తుంది.

ప్రొద్దుటూరు_పిల్లోడు
మీకు తెలుస్తుంది సార్, మీకు మాత్రమే తెలుస్తుంది. అదే సమస్య. నేను ఒక బిల్లింగ్ ఆయన దగ్గర పనిచేసినా, మీలాగే. మూడు షాపులకి మూడు రకాల డిస్కౌంటు, ఒకదానికి పన్నుకి ముందు, ఇంకోదానికి పాత బాకీ ఉంటే లేదు, ఎందుకు అనేది యాడా రాసుండదు. అడిగితే నేను చూసుకుంటాలే పో అంటాడు. నేను ముట్టుకుంటే చెడగొట్టినావంటాడు, ముట్టుకోకుంటే పని రాదంటాడు. ఇంటికి పోయి రాత్రి పూట నేనే డిస్కౌంట్లకి టెస్టులు రాసినా, రూల్స్ అర్థం చేసుకోను. చూసి డిలీట్ కొట్టించినాడు. టెస్టులు వద్దనేది టైమ్ లేక కాదు సార్, రూలు బయటపడితే మనల్ని ఎవరడుగుతారని.

కొండారెడ్డి_బురుజు
ఓహో. సరే, మొహమాటం ఎందుకు, చెప్తా. అవును. ఆ రూలు నా తలలో ఉండేది కాబట్టే ఏడాదికోసారి ఏఎంసీ (మెయింటెనెన్స్ ఒప్పందం) డబ్బులు ఇస్తారు. షాపు ఓనర్‌కి కోడ్ విలువ తెలీదు, నా ఫోన్ నంబర్ విలువే తెలుసు. అన్నీ టెస్టుల్లో రాసి పెడితే నీలాంటోడు ఆర్నెల్లు నేర్చుకొని, సగం రేటుకి చేస్తానని అదే షాపు మెట్లెక్కుతాడు. ఇట్లా రెండు పార్టీలు పోయినాయి నాకు, ఎవడు తీసుకుపోయినాడో కూడా తెలుసు. బెంగళూరు ఆయనకి ఒకటో తారీఖు జీతం పడుతుంది, ఆయన ఎన్ని టెస్టులైనా రాస్తాడు. నా కూతురి ఫీజు ఎవరు కడతారు?

పెన్నా_ఒడ్డు
అన్నా, ఇది ముందే చెప్పుంటే నేను రౌండాఫ్ మీద అంత టైప్ చేసేవాణ్ణి కాదు. మా దగ్గర మనుషులు ఉండరు, ఏడాది తిరిగేసరికి సగం టీమ్ మారుతుంది, అందుకే తలలో ఉన్నది కాయితం మీదికి రావాల్సిందే, లేకుంటే బండి నడవదు. మీకు ఉల్టా. కానీ డ్రిప్ బిల్లింగ్ ఆయనకి ముగ్గురున్నారు, ఆయన మీ పక్కనా లేడు, నా పక్కనా లేడు. ఇంకోటి, టెస్ట్ ఫైలు షాపుకి ఇవ్వాల్సిన పని లేదు, మీ మిషన్‌లోనే పెట్టుకోవచ్చు, పార్టీకి దాని సంగతే తెలీదు.

ప్రొద్దుటూరు_పిల్లోడు
పార్టీకి కాదన్నా, పక్కన కూర్చునే పిల్లోడికి ఇవ్వమంటున్నా నేను.

కొండారెడ్డి_బురుజు
ఆ పిల్లోడే గదా రేపటి పార్టీ దొంగ.

గడియారస్తంభం
ఇద్దరూ మీ మీ ఏఎంసీలు రాసి పెట్టండి, మేం టెస్ట్ చేస్తాం.

డ్రిప్_బిల్లింగ్
సరే అన్నలూ, నా మటుకు తేల్చుకున్నా. తేదీని బట్టి రేటు, వాపసు, రౌండాఫ్, ఈ మూడింటికే పైటెస్ట్. స్క్రీన్‌కి, ప్రింట్‌కి వద్దు, అవి బురుజన్న పద్ధతిలోనే షాపుకి పోయి చూసుకుంటాం. పాపకి రెండు రోజులు ఇచ్చినా, డిస్కౌంటు రూల్స్ నేనే కూర్చుని చెప్తా. 8662.5 టెస్ట్ మొదట రాయమన్నా, 3లో నిజంగానే ఎర్రగా వచ్చింది.

కొండారెడ్డి_బురుజు
నెట్ లేని మిషన్‌లో ఈ పైటెస్ట్ ఎట్ల ఎక్కుతుంది? 2.7లో అసలు ఎక్కుతుందా? ఊరికే అడుగుతున్నా.

పెన్నా_ఒడ్డు
4.6 వరకు ఎక్కుతుందన్నా, ఆ తర్వాతవి 3కే. కానీ నెట్ లేకుంటే యూనిట్‌టెస్ట్ వాడండి, అది 2.7 లోపలే ఉంది, ఏదీ దించుకోనక్కరలేదు.

కొండారెడ్డి_బురుజు
దాంట్లో క్లాసు రాయాల్నంటివి గదా పైన?

పెన్నా_ఒడ్డు
రాయాల్సిందేనన్నా.

కొండారెడ్డి_బురుజు
అందుకే వద్దంటి.