బడిపిల్లల తల్లులకు ఇంగ్లీషు తరగతులు: ఏం నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి?

అమ్మ కమిటీ సభ్యురాలు:
తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. పిల్లల చదువు చూసుకోవాలంటే తమకూ ఇంగ్లీషు రావాలని మా ఊరి తల్లులు అడుగుతున్నారు. దసరా తరువాత బడిలోనే స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు పెడదామని బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ప్రతిపాదించాను. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

తెలుగు పంతులు:
నేను దీనికి వ్యతిరేకిని. బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే సాగాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. మీడియం మార్చింది ప్రభుత్వమైతే, ఆ భారాన్ని పగలంతా కూలికి పోయివచ్చిన తల్లి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. డైరీలో రాసే నాలుగు మాటలూ టీచర్లు తెలుగులో రాస్తే చాలు. పిల్లకు కథ చెప్పడం, నోటిలెక్కలు చేయించడం తల్లికి ఇప్పటికే వచ్చు. ఆమెను ఆ పని చేయనివ్వండి.

వయోజన విద్యా కార్యకర్త:
డైరీ తెలుగులోనే ఉండాలన్న పంతులుగారి మాట అక్షరాలా నిజం. కానీ తల్లులే నోరు తెరిచి అడిగాక, మీకది అక్కరలేదని చెప్పే హక్కు మనకు లేదు. నా అభ్యంతరమల్లా స్పోకెన్ ఇంగ్లీషు మీదే. ఊళ్లో ఆమెను ఇంగ్లీషులో పలకరించేవారు ఉండరు; ఎదురయ్యేవన్నీ కాగితాలే. ప్రోగ్రెస్ కార్డులో ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులు, నోట్సులో ఎర్ర సిరాతో రాసిన ‘ఇన్‌కంప్లీట్’, ఫోన్‌కు వచ్చే మెసేజ్, పిల్ల జ్వరం మందు సీసా మీది ఎక్స్‌పైరీ తేదీ, ఇవి చదవగలగడమే మొదటి పాఠ్యక్రమం కావాలి.

దానికి కొత్త పుస్తకం కొననక్కరలేదు. ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉండే పిల్లల పుస్తకమే చాలు. మొక్కల పాఠమే తీసుకోండి: తల్లి ముందు తెలుగు పేజీలో వేరు, కాండం, ఆకు అని చదువుకుని, తరువాత ఎదురు పేజీలో రూట్, స్టెమ్, లీఫ్ అన్న మాటలను వేలు పెట్టి గుర్తుపడుతుంది. పత్తి చేనులో పెరిగిన మనిషికి విషయం కొత్త కాదు, అక్షరాలే కొత్త. తెలుగు చదవడమే రాని తల్లులను మాత్రం ఇదే తరగతిలో కూర్చోబెట్టవద్దు. నలుగురిలో చిన్నబోయి మరునాడు రారు. వారికి ముందు తెలుగు అక్షరాలు వేరుగా నేర్పాలి, పెద్దలకు చదువు నేర్పే ఉల్లాస్ కార్యక్రమం ఉన్నదే అందుకు.

ఇక దసరా తరువాత అంటే పత్తి ఏరే రోజులు. ఆ నెలల్లో తరగతి పెడితే ఖాళీ గదే మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పని పొద్దున్నే ముగుస్తుంది కనుక సాయంత్రాలు అనుకూలం. పాత పుస్తకాలతో అప్పుడే మొదలుపెడితే, జూన్‌లో పిల్లకు కొత్త పుస్తకం వచ్చేసరికి తల్లి దానిని తెరిచి చూడగలుగుతుంది. ఆ తరువాత పొదుపు సంఘం మీటింగు రోజున ఒక అరగంట కలుపుకుంటే సరి.

అమ్మ కమిటీ సభ్యురాలు:
పత్తి సంగతి నిజమే. దసరా ఆలోచన మానుకుంటున్నాను. డైరీ తెలుగులో రాయాలన్న పంతులుగారి మాట ఈ నెల కమిటీలోనే పెడతాను, దానికి వేసవి దాకా ఆగనక్కరలేదు. ఇప్పుడు తేలవలసింది పాఠం చెప్పేదెవరన్నది. ఊళ్లో డిగ్రీ చదివే ఆడపిల్లలు ముందుకొస్తున్నారు, కానీ వారి చేత ఊరికే చేయించుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ గౌరవ వేతనం ఏ నిధి నుంచి ఇవ్వవచ్చో తెలిసినవారు చెప్పగలరు.