ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీ తీసేయాలా? పొలంలో మోటారు డబ్బా ఇనుపదా, ఫైబర్‌దా?

బావిగట్టు
నల్లగొండ దగ్గర మాకు నాలుగెకరాలు, బోరులో 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు. నేనుండేది బెంగళూరులో, నీళ్లు పెట్టేది నాన్న. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే స్టార్టర్ డబ్బా తుప్పు పట్టిపోయి, తలుపు కింది బందు ఊడిపోయి ఉంది. బైండింగ్ వైరుతో కట్టేశాడు. పక్కనే తంగేడు కర్ర ఒకటి ఆనించి ఉంది. ఎందుకు నాన్నా అంటే పచ్చ బటన్ నొక్కడానికట! చెయ్యి పెడితే డబ్బా చిమచిమలాడుతుందట. పొద్దున అంత ఉండదు, సాయంత్రాలే ఎక్కువ అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే "రెండేళ్ల సంది" అన్నాడు, అదేదో వానాకాలం కబురు చెప్పినట్టు.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మర్నాడే టౌనుకెళ్లి 30 మిల్లీ ఆంపియర్ల ఫోర్ పోల్ ఆర్‌సీసీబీ (ఆ మేరకు కరెంటు నేలలోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) కొనుక్కొచ్చి పెట్టించాను. ఇప్పుడు రోజూ చీకటి పడితే చాలు, ట్రిప్. మెకానిక్ ఏమంటాడంటే, "బోర్లకు ఇవి నడవవు సార్, తీసేసి డైరెక్ట్ చేద్దాం. షాక్ భయముంటే ఇనుప డబ్బా తీసి ఫైబర్ డబ్బా పెట్టుకోండి, కథ ఒడుస్తది" అని. తీసేయాలా, ఉంచాలా? డబ్బా మారిస్తే నిజంగానే సరిపోతుందా?

కడీల పొలం
తీసేయ్ అన్నా. కోపం తెచ్చుకోకు, నేనూ నీలాగే పెట్టి తీసేసినోణ్ణే. రాత్రి పదింటికి మోటారు ఆగితే ఎవరు పోవాలి? మీ నాన్నే పోవాలి. చీకట్లో, గట్ల మీద, పాములు తిరిగే చోట. షాక్ కొట్టి పోతాడని భయపడి పెట్టిన వస్తువు వల్ల రోజూ నాలుగుసార్లు తడి కాళ్లతో అదే డబ్బా దగ్గరికి పంపిస్తున్నావు. మరీ మనసొప్పకపోతే 300 మిల్లీ ఆంపియర్లది పెట్టు, ఊరికే పడదు.

గోదావరి మాగాణి
మా వైపు తేమకి ఇనుప డబ్బా రెండేళ్లు ఉంటే గొప్ప. మూడేళ్ల కిందట ఎస్‌ఎంసీ (గాజు పీచు కలిపి అచ్చుపోసిన) ఫైబర్ డబ్బా పెట్టాం, ఇంతవరకు ఒక్కరికీ జిల్లుమనలేదు. నా ఓటు ఫైబర్‌కే. ఒక్కటి మాత్రం గమనించండి, బజారులో ఫైబర్ అని చెప్పి మామూలు ప్లాస్టిక్‌వి అంటగడుతున్నారు. అవి రెండు ఎండాకాలాలకే పెళుసెక్కిపోతాయి, కోతి ఎక్కితే మూత ముక్కలు.

పాత వైర్‌మన్
కడీల పొలం తమ్ముడూ, 300ది పెట్టమంటున్నావు. అది మంటలు రాకుండా కాపాడేది, మనిషిని కాపాడేది కాదు. ఛాతీలోంచి 100 మిల్లీ ఆంపియర్లు ఒకట్రెండు సెకన్లు పోయినా గుండె లయ తప్పొచ్చు. 300ది అప్పటికింకా కళ్లు కూడా తెరవదు. ఒంటికి తగిలే కరెంటుకు 30 అని ఊరికే పెట్టలేదు.

ఇక ఫైబర్ సంగతి. ఫైబర్ డబ్బాకి కరెంటు రాదు, నిజమే. కానీ నలభై ఏళ్లుగా చూస్తున్నాను, ఫైబర్ డబ్బా పెట్టిన చోట జరిగే మొదటి పని ఎర్త్ తీగ పీకేయడం. "డబ్బాకి షాక్ రాదు కదా, ఇంక ఎర్త్ ఎందుకు" అంటారు. మరి మోటారు బాడీ? బోరులోంచి పైకొచ్చే జీఐ పైపు? పైపు దగ్గర కాళ్లు కడుక్కునేది మనుషులే కదా.

ఇంకో మాట. "మాకు ఎర్త్ ఉంది, షాక్ వస్తే ఫ్యూజు పోతుంది" అనేవాళ్లు నూటికి తొంభై మంది. లెక్క వేసి చూడండి. రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, బొగ్గూ ఉప్పూ పోసి బాగా చేసిన ఎర్త్ అయినా పొలంలో 20 ఓములు వచ్చిందనుకుందాం. ఫేజు డబ్బాకి తగిలితే 230ని 20తో భాగించండి, పదకొండున్నర ఆంపియర్లు. 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్) దానికి కదలదు. ఫ్యూజు కటౌట్‌లో మనవాళ్లు చుట్టే రాగి పోగులు అసలే కరగవు. డబ్బా అలాగే లైవ్‌లో ఉంటుంది, కర్రతో నొక్కుతూనే ఉంటాం. ఇలాంటి చోట లీకేజీని పట్టేది ఆర్‌సీసీబీ ఒక్కటే. అలాగని అది ఒక్కటే ఉంటే చాలదు, ఓవర్‌లోడుకీ షార్ట్‌కీ ఎంసీబీ వేరే ఉండాలి. రెండు ఫేజులు రెండు చేతులకి తగిలితే ఆర్‌సీసీబీ కూడా ఏమీ చేయలేదు. అందుకే తలుపు తెరవకముందే బయటి నుంచి ఆపేలా హ్యాండిల్ ఉండే ఐసోలేటర్ పెట్టించండి.

డబ్బా ఏదైనా సరే, పెట్టే తీరు ముఖ్యం. కాలువ గట్టు మీద కాదు, ఎత్తుగా పొడిగా ఉన్న చోట రాతి కడీకి బిగించండి. మనిషి ఛాతీ ఎత్తులో ఉండాలి. కరెంటు స్తంభం స్టే వైరుకి కట్టిన డబ్బాలు కూడా చూశాను, దండం పెట్టి వచ్చేశాను. కేబుల్ ఎప్పుడూ కింది నుంచే పోవాలి, పోయే ముందు కాస్త కిందికి వేలాడేలా వంపు ఉంచాలి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. రంధ్రానికి గ్లాండ్ (కేబుల్‌ని కదలకుండా పట్టి ఉంచే బిగింపు) వేయాలి. రేకు అంచు కేబుల్‌ని కోసేస్తుంది, మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ అదిరి అదిరి. ఇనుప డబ్బా అయితే తలుపుకీ వేరే ఎర్త్ తీగ వేయాలి. బందుల మీద పెయింటూ తుప్పూ ఉంటాయి, వాటిని నమ్ముకోకూడదు. మిగిలిన కంతలన్నీ పుట్టీతో మూయండి.

గోదావరి మాగాణి
కంతల మాట భలే గుర్తు చేశారు బాబాయ్. ఓసారి స్టార్టర్ పట్టుకోవట్లేదని తీసి చూస్తే కాంటాక్టుల మధ్య బల్లి, కాలి బొగ్గయిపోయి ఉంది. దాని వెనకాల చీమలు పుట్టే పెట్టాయి. కాయిలు దగ్గర వెచ్చగా ఉంటుందేమో, చీమలకి అదంటే ఎందుకో అంత ఇష్టం.

కడీల పొలం
బాబాయ్, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ గ్లాండ్లు, ఐసోలేటర్, కొత్త డబ్బా, ఆర్‌సీసీబీ అన్నీ కలిపితే ఎకరం దిగుబడిలో ఎంత పోతుందో కూడా రాయండి. నియమాలంటారా, 2010 భద్రతా నియమాల్లో లీకేజీ పరికరం ఉండాలని ఉంది, 2023లో వచ్చినవాటిలోనూ ఉంది. మా ఊళ్లో ఎన్ని డబ్బాల్లో ఉందో చూడ్డానికి ఒక్కరొచ్చారా? 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నప్పుడు ఆటోస్టార్టర్లు (కరెంటు రాగానే మోటారుని వాటంతటవే ఆన్ చేసేవి) తీసేయమన్నారు, తీసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రైతు తన మెడ మీదికొస్తే తప్ప చేయడు. నేనూ అంతే, దాచుకోను.

ట్రిపుల్ఈ 2009
అందరూ తీర్పులు చెప్పేశారు, అసలది ఎందుకు ట్రిప్ అవుతోందో ఎవరూ అడగలేదే!

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. 230 వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లు లీకవ్వాలంటే ఇన్సులేషన్ ఎనిమిది వేల ఓముల లోపుకి పడిపోవాలి. మంచి మోటారుకి అది మెగా ఓముల్లో ఉంటుంది. కాబట్టి "బోర్లకు ఇవి నడవవు" కాదు, మీ బోరులో ఏదో సరిగ్గా లేదు. పాత మోటారు వైండింగో, బోరులో కేబుల్ జాయింటో అయితే పగలూ రాత్రీ ఒకేలా పడాలి. మీది చీకటి పడ్డాకే పడుతోంది, చిమచిమ కూడా సాయంత్రాలే. మంచు అనుకోవచ్చు, కానీ నాకు వేరే అనుమానం.

బావిగట్టు గారూ, డబ్బా దగ్గర బల్బు ఉందా? ఉంటే దాని రెండో తీగ ఎక్కడికి పోయిందో మీ నాన్నగారిని అడగండి. మీ సర్వీసులో న్యూట్రల్ ఉందా, మూడు తీగలేనా? న్యూట్రల్ లేకపోతే ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ చాలా కంపెనీల్లో పనిచేయదు, దానికి వేరే కనెక్షన్ చూపిస్తారు. అదీ సరిచూసుకోండి.

బావిగట్టు
మేడమ్, మీకు దండం. సర్వీసుకి మూడే తీగలు. బల్బు ఉంది. ఒక తీగ ఫేజుకి, రెండోది ఎర్త్ రాడ్‌కి! "న్యూట్రల్ లేదు కద బిడ్డా, అందరం గట్లనే పెడ్తం" అన్నాడు నాన్న. మొన్నటిదాకా 100 వాట్ల బల్బే, నేను వెళ్లినప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ మార్చాను. మార్చినవాణ్ణి నేనే, ఆ తీగ ఎటు పోతోందో మాత్రం చూడలేదు.

ట్రిపుల్ఈ 2009
అనుకున్నాను. ఎల్‌ఈడీ 9 వాట్లదే అయినా 40 మిల్లీ ఆంపియర్లో ఇంకా ఎక్కువో తీసుకుంటుంది, అదంతా నేలలోకే. ఆర్‌సీసీబీ పడక చస్తుందా? పాత 100 వాట్ల బల్బు రోజుల్లో అయితే, రాడ్ దగ్గర నేల ఎండి 200 ఓములు ఉందనుకుంటే, డబ్బా మీద 60 వోల్టుల పైనే ఉండేది. అదే ఆ చిమచిమ. రాడ్ తీగ ఎక్కడైనా తెగి ఉంటే బల్బు గుండా ఫేజు నేరుగా డబ్బాకే. కడీల పొలం గారు చెప్పినట్టు 300ది పెట్టి ఉంటే ఈ ఎల్‌ఈడీ బల్బు చక్కగా వెలుగుతూ ఉండేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

కడీల పొలం
సరే, ఈ ఒక్కదానికి ఒప్పుకుంటున్నా. మా డబ్బా దగ్గర బల్బు కూడా అట్లనే ఉంది. రేపు పొద్దున ఊడబీకుతా. కానీ రాత్రి నడక సంగతి అట్లనే ఉంది. దానికి సెల్ స్టార్టర్ పెట్టుకుంటే ఫోన్ చేసి ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు, డబ్బా ముట్టుకునే పనే లేదు.

పాత వైర్‌మన్
సెల్ స్టార్టర్ మంచిదే, కర్ర కన్నా నయం. అయితే నువ్వు ఇంట్లో ఫోన్ నొక్కే టైముకి కూలి మనిషి పైపు పట్టుకుని ఉండొచ్చు. మా ఊళ్లో ఒకాయన పొలంలో మనుషులు పనిచేస్తున్నంతసేపూ డబ్బాలో ఎంసీబీ కిందికి దించి తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకునేవాడు. అందరూ నవ్వేవాళ్లం.

బావిగట్టు
అప్‌డేట్. మొన్న శనివారం ఊరెళ్లాను. రాడ్‌కున్న బల్బు తీగ తీసేసి, నాన్నకి చార్జింగ్ లైటు ఇచ్చాను. డబ్బా చివరికి ఇనుపదే తీసుకున్నాను, తాళం కోసమూ, కోతుల కోసమూ. గోదావరి అన్నా, తిట్టకండి. తలుపుకి వేరే ఎర్త్ తీగ, కింద గ్లాండ్లు, పక్కన ఐసోలేటర్ హ్యాండిల్, పైన ఒక రేకు. పాత డబ్బా విప్పుతుంటే కేబుల్ పోయిన కంత దగ్గర ఎర్ర తీగ తొడుగు సగం దాకా కోసుకుపోయి ఉంది. ఇంకో వానాకాలం ఆగేది కాదు అది. ఆర్‌సీసీబీ 30దే ఉంచాను, కంపెనీ బొమ్మ చూసి టెస్ట్ కనెక్షన్ మార్పించాను, ఇప్పుడు బటన్ నొక్కితే పడుతోంది. మెకానిక్‌కి బల్బు సంగతి చెబితే "ఔ సార్, గది నేనే పెట్టిన" అన్నాడు.

అయిదు రోజులు బాగానే ఉంది. నిన్న మధ్యాహ్నం, బల్బూ లేదు, వానా లేదు, ఒకసారి పడింది. మళ్లీ ఆన్ చేస్తే నిలబడింది. అంటే బోరులో జాయింటు మీద అనుమానమేనా మేడమ్? మోటారు పైకి తీయించే ముందు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూడాలనుకుంటున్నాను. మా మెకానిక్ దగ్గర లేదు. నల్లగొండ చుట్టుపక్కల 500 వోల్టుల మెగ్గర్ అద్దెకిచ్చే షాపు ఎవరికైనా తెలుసా?

తంగేడు కర్ర ఇంకా అక్కడే ఉంది. నాన్న పారేయనివ్వలేదు.