ఎస్ఎంపీఎస్ ప్రైమరీ వైపు స్కోప్ ఎలా పెట్టాలి? ఎర్త్ పిన్ తీసేయమంటున్నారు

ఖమ్మం_బోర్డ్స్

ఎల్ఈడీ టీవీ సప్లై బోర్డు (ఎస్ఎంపీఎస్, అంటే వేగంగా స్విచ్ చేస్తూ వోల్టేజీ మార్చే సప్లై), 12 వోల్టులు 5 ఆంపియర్లు, యూసీ3842 ఐసీ మీద నడిచే ఫ్లైబ్యాక్. స్విచ్ వేస్తే టిక్ టిక్‌మంటోంది, సెకనుకు నాలుగైదు సార్లు. అవుట్‌పుట్ 3, 4 వోల్టుల దాకా లేచి పడిపోతోంది. మెయిన్ కెపాసిటర్ మీద 322 వోల్టులు నిలకడగా ఉన్నాయి. స్విచ్ పని చేసే మోస్‌ఫెట్ షార్ట్ కాదు, 0.33 ఓం సెన్స్ రెసిస్టర్ బాగానే ఉంది. పిన్ 7 మీద మల్టీమీటర్ పెడితే అంకె 11, 14 మధ్య ఊగుతోంది.

బెంచీ మీద ఉన్నవి: 50 మెగాహెర్ట్జ్ రెండు ఛానెళ్ల డిజిటల్ స్కోప్ (వేవ్‌ఫామ్ చూపించే ఆసిల్లోస్కోప్), సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించే 10ఎక్స్ ప్రోబులు, 30 వోల్టుల బెంచ్ సప్లై, మామూలు మల్టీమీటర్. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు, ఈఎస్ఆర్ మీటర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్ కొలిచేది) లేదు. అడగాల్సినవి మూడు.

ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్‌కు నేరుగా కలిసిన భాగంలో, వేవ్‌ఫామ్ చూడాలంటే స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తే చాలంటున్నారు. నిజమేనా?

బాగానే నడుస్తున్న ఇంకో 12 వోల్టుల సప్లై మీద కూడా రిపుల్ (డీసీ మీద మిగిలే అలలు) 400 మిల్లీవోల్టులు చూపిస్తోంది. స్కోప్ తప్పా, సప్లై తప్పా?

ఇక కొనాల్సినవాటిలో ముందు ఏది?

హాట్‌సైడ్

ఎర్త్ పిన్ జోలికి అసలు పోవద్దు తమ్ముడూ. ముందు ఇది తేలాకే మిగతావి.

స్కోప్ ప్రోబ్ నల్ల క్లిప్పు, ప్రోబ్ దిగే బీఎన్‌సీ సాకెట్ రింగు, లోపలి చాసిస్, త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్, ఇవన్నీ ఒకటే వైరు. మల్టీమీటర్ నల్ల ప్రోబ్‌లా ఎక్కడ పడితే అక్కడ పెట్టడానికి కుదరదు. మెయిన్ కెపాసిటర్ నెగటివ్, అంటే హాట్ గ్రౌండ్, ఎర్త్‌తో పోలిస్తే సున్నా దగ్గర ఉండదు. న్యూట్రల్ దాదాపు ఎర్త్ వోల్టేజీ మీదే ఉంటుంది కదా. ఫేజు నెగటివ్ అర్ధచక్రంలోకి వెళ్లినప్పుడు బ్రిడ్జిలోని ఒక డయోడ్ హాట్ గ్రౌండ్‌ను ఫేజుకు కలుపుతుంది. అప్పుడు అది ఎర్త్ కన్నా 325 వోల్టుల కిందికి పోతుంది. అక్కడ క్లిప్పు తగిలిస్తే ఫేజు, డయోడ్, క్లిప్పు, స్కోప్ ఎర్త్ వరసలో నేరుగా షార్ట్. బ్రిడ్జి పోతుంది, ప్రోబ్ వైరు మాడుతుంది, స్కోప్ ఇన్‌పుట్ ట్రాకు లేచిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీ బ్రేకర్) ఉందిలే అనుకోవద్దు. ఎంత పెద్ద లీకేజీ వచ్చినా దానికి 40 మిల్లీసెకన్ల దాకా గడువుంది, అంటే 50 హెర్ట్జ్‌లో రెండు పూర్తి చక్రాలు. డయోడ్ అంతసేపు ఆగదు.

ఎర్త్ పిన్ తీసేస్తే షార్ట్ జరగదు, ఆ మాట నిజమే. కానీ అదే 325 వోల్టులు ఇప్పుడు స్కోప్ చాసిస్ మీద, రెండో ఛానెల్ బీఎన్‌సీ రింగు మీద, ముందున్న యూఎస్‌బీ సాకెట్ మీద కూర్చుంటాయి. ఒక చెయ్యి నాబ్ తిప్పుతూ రెండో చెయ్యి ఎర్త్ అయిన ఇనుప బల్ల మీద ఉంటే మనిషే వైరు అవుతాడు. యూఎస్‌బీలో ల్యాప్‌టాప్ ఉంటే అదీ పోతుంది.

ఎర్త్ నుంచి విడదీయాల్సింది బోర్డును, స్కోప్‌ను కాదు. 230కి 230 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైండింగులూ ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉండేది), టీవీ బోర్డులకు 500 వీఏ సరిపోతుంది. బోర్డు దాని సెకండరీ మీద, స్కోప్ మామూలుగా ఎర్త్ ఉన్న ప్లగ్గులో. 60 లేదా 100 వాట్ల గుండు బల్బు సీరీస్‌లో పెట్టేది ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత, బోర్డుకు ముందు. 100 వాట్ల బల్బు వెలిగినప్పుడు సుమారు 530 ఓంలు, చల్లగా ఉన్నప్పుడు దానిలో పదో వంతు కన్నా తక్కువ. అందుకే బోర్డు బాగుంటే ఒక మెరుపు మెరిసి ఆరుతుంది, షార్ట్ ఉంటే నిండుగా వెలిగి కరెంటును అర ఆంపియర్ లోపే ఆపేస్తుంది.

డిమ్మర్‌స్టాట్, స్టెబిలైజర్ ఈ పనికి రావు. రెండూ ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే, న్యూట్రల్ అటూ ఇటూ ఒకటే. వైండింగ్ షాపులో చుట్టించుకుంటే ఇంటికి తెచ్చాక ప్రైమరీకి సెకండరీకి మధ్య కంటిన్యుటీ లేదని మీటర్‌తో, ఆ తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ టెస్టర్) చూడాలి. సెకండరీ కొసను దేన్నీ ఎర్త్‌కు కలపకూడదు.

ఐసోలేషన్ ఉన్నా రెండు జాగ్రత్తలు. ఒకటి, రెండు ప్రోబుల క్లిప్పులూ లోపల ఒకటే కాబట్టి ఒకటి హాట్ గ్రౌండ్‌కు, ఇంకొకటి అవుట్‌పుట్ గ్రౌండ్‌కు పెడితే రెండు వైపులనూ నువ్వే కలిపినట్టు. రెండు, ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ఆర్‌సీసీబీ కాపాడదు. పైగా క్లిప్పు తగిలించగానే హాట్ గ్రౌండ్ ఎర్త్ అయింది, ఇక 322 వోల్టుల పాయింట్ ఒక్క చేత్తో తాకినా షాకే.

52కిలోహెర్ట్జ్

అన్న చెప్పినదంతా కరెక్టే. కానీ ఈ బోర్డుకు ఈ రోజు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అక్కర్లేదు, బెంచ్ సప్లై ఉందన్నారుగా. మెయిన్స్ కరెంటు లేకుండానే ఐసీని నడిపి చూడొచ్చు.

ప్లగ్గు పూర్తిగా బయటికి లాగండి, స్విచ్ ఆపితే చాలదు. మెయిన్ కెపాసిటర్‌ను 2.2 కిలో ఓం, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయండి. 100 మైక్రోఫారడ్ అయితే రెండు సెకన్లు పట్టుకుంటే సరిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు, 5 జౌళ్లకు పైగా శక్తి ఒక్కసారిగా ట్రాకు మీద పడుతుంది. మీటర్‌లో 5 వోల్టుల లోపు ఉందని చూశాకే ముందుకు.

ఇప్పుడు బెంచ్ సప్లై 18 వోల్టులు, కరెంట్ లిమిట్ 100 మిల్లీఆంపియర్లు. ప్లస్ పిన్ 7కి, మైనస్ పిన్ 5కి. యూసీ3842 మొదలయ్యేది 16 వోల్టుల దగ్గర, ఆగేది 10 వోల్టుల దగ్గర. మొదలయ్యే గీత ఐసీని బట్టి 17.5 దాకా ఉండొచ్చు, అందుకే 18. (యూసీ3843 అయితే 8.4 దగ్గరే మొదలవుతుంది, ఐసీ మీద నంబరు సరిగ్గా చదవండి. ఒకదాని బదులు ఇంకొకటి వేసిన బోర్డులు చాలానే వస్తాయి.)

మెయిన్స్ లేదు కాబట్టి స్కోప్ క్లిప్పు పిన్ 5కి నిశ్చింతగా పెట్టొచ్చు. పిన్ 8 మీద 5 వోల్టులు స్థిరంగా ఉండాలి. పిన్ 4 మీద రంపపు పళ్లలాంటి వేవ్, సుమారు 1.2 నుంచి 2.8 వోల్టుల మధ్య. ఫ్రీక్వెన్సీ 1.72 ÷ (ఆర్‌టీ × సీటీ), ఆ రెండూ పిన్ 4 దగ్గరి టైమింగ్ రెసిస్టర్, కెపాసిటర్. అంటే 10 కిలో ఓం, 3.3 నానోఫారడ్ అయితే 52 కిలోహెర్ట్జ్. పిన్ 6 మీద గేటు పల్సులు. ఫీడ్‌బ్యాక్ ఏదీ రాదు కాబట్టి పల్సు వెడల్పు గరిష్ఠంగా ఉంటుంది, దాన్ని తప్పనుకోవద్దు. గేటు దగ్గర అంచులు నిటారుగా లేకుండా ఏటవాలుగా లేస్తుంటే గేటు రెసిస్టర్ విలువ పెరిగిందేమో చూడండి. బెంచ్ సప్లై 15 నుంచి 25 మిల్లీఆంపియర్లు చూపిస్తే మామూలే. 100 దగ్గర లిమిట్ కొడితే ఐసీ గానీ, మోస్‌ఫెట్ గేటు గానీ లీకు.

ఖమ్మం_బోర్డ్స్

చేశాను. పిన్ 8 మీద 5.02 వోల్టులు. పిన్ 4 రంపం 51 కిలోహెర్ట్జ్. గేటు పల్సులు శుభ్రంగా ఉన్నాయి. కరెంటు 19 మిల్లీఆంపియర్లు. అంటే ఐసీ బాగున్నట్టేనా? మరి టిక్ ఎందుకు?

52కిలోహెర్ట్జ్

ఐసీ బాగుంది. దానికి తిండి అందడం లేదు.

స్టార్ట్ రెసిస్టర్ పిన్ 7 కెపాసిటర్‌ను మెల్లగా 16 వోల్టులకు నింపుతుంది, ఐసీ లేస్తుంది. లేచాక 15 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, స్టార్ట్ రెసిస్టర్ ఇచ్చేది రెండు మిల్లీఆంపియర్లే. 47 మైక్రోఫారడ్ అయితే 16 నుంచి 10కి జారడానికి దాదాపు 19 మిల్లీసెకన్లు. ఆలోపు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఐసీకి సప్లై ఇచ్చే ఆక్సిలరీ వైండింగ్ బాధ్యత తీసుకోవాలి. తీసుకోకపోతే ఐసీ ఆగి, మళ్లీ మొదటినుంచి.

టిక్ వేగమే ఇక్కడ సగం చెబుతోంది. ఆ కెపాసిటర్ ఎండిపోయి 5 మైక్రోఫారడ్‌కు పడితే నింపడమూ ఖాళీ కావడమూ పది రెట్లు వేగం, టిక్ టిక్ కాస్తా బుర్రుమనే చప్పుడు అవుతుంది, మల్టీమీటర్ 13 దగ్గర కదలకుండా నిలబడుతుంది. మీకు అంకె ఊగుతోంది, టిక్ సెకనుకు నాలుగైదు. 150 కిలో ఓం స్టార్ట్ రెసిస్టర్, 47 మైక్రోఫారడ్ లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. కాబట్టి కెపాసిటర్ కన్నా ముందు ఆక్సిలరీ డయోడ్, దాని వరసలో ఉండే 10 నుంచి 22 ఓంల చిన్న రెసిస్టర్ చూడండి. తర్వాత సెకండరీ, అంటే 12 వోల్టుల వైపు షాట్కీ డయోడ్. డయోడ్ మోడ్‌లో షాట్కీ 0.15 నుంచి 0.3, ఫాస్ట్ డయోడ్ 0.5 దగ్గర చూపించాలి.

ఖమ్మం_బోర్డ్స్

22 ఓం రెసిస్టర్ ఓపెన్! పైకి మచ్చ కూడా లేదు. మార్చాక 12.1 వోల్టులు స్థిరం.

హాట్‌సైడ్

రెసిస్టర్ ఊరికే పోదు. ఆ ఆక్సిలరీ డయోడ్ ఒక కాలు లేపి రివర్స్‌లో కూడా చూడు, లీకు ఉంటే కొత్త రెసిస్టర్ కూడా వారంలో పోతుంది. మార్చాల్సి వస్తే ఎఫ్‌ఆర్107 లేదా యూఎఫ్4007 వెయ్యి. 1ఎన్4007 వద్దు, అది 50 హెర్ట్జ్‌కు చేసిన డయోడ్, 52 కిలోహెర్ట్జ్‌లో సమయానికి మూసుకోలేక వేడెక్కుతుంది.

ఈఎస్ఆర్_మీటర్

రిపుల్ సంగతి నేను చెబుతాను. ఆ 400 మిల్లీవోల్టులలో ఎక్కువ భాగం సప్లైది కాదు, నల్ల క్లిప్పు వైరుది.

పరీక్ష సులువు. ప్రోబ్ మొనను, దాని క్లిప్పును రెండింటినీ ఒకే పాయింట్‌కు, అవుట్‌పుట్ గ్రౌండ్‌కే తగిలించండి. అక్కడ సున్నా గీత రావాలి. అయినా సూదుల్లాంటి స్పైకులు కనిపిస్తే అది క్లిప్పు వైరు యాంటెన్నాలా పట్టుకున్న చెత్త. 15 సెంటీమీటర్ల వైరు అంటే సుమారు 150 నానోహెన్రీలు. ప్రోబ్ మొన దగ్గరి 12 పికోఫారడ్లతో కలిసి అది 120 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మోస్‌ఫెట్ ఆన్ ఆఫ్ అయిన ప్రతిసారీ ఆ మోత స్క్రీను మీద పడుతుంది.

ప్రోబ్ టోపీ పీకి, లోపల కనిపించే ఇత్తడి రింగుకు ప్రోబ్ పెట్టెలో వచ్చిన స్ప్రింగు తొడగండి. స్ప్రింగు పోతే రింగు చుట్టూ టిన్ను తీగ నాలుగు చుట్లు చుట్టినా అదే పని. అవుట్‌పుట్ కనెక్టర్ మీద 0.1 మైక్రోఫారడ్ సెరామిక్, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ పక్కపక్కనే అతికించి వాటి కాళ్ల మీదే కొలవండి. ఏసీ కప్లింగ్, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆన్. కంప్యూటర్ ఏటీఎక్స్ సప్లైలకు 12 వోల్టుల మీద 120, 5 వోల్టుల మీద 50 మిల్లీవోల్టులు హద్దు అని చెప్పేది ఈ పద్ధతిలో కొలిచిన అంకెనే. దానికి ముందు స్కోప్ మీది 1 కిలోహెర్ట్జ్ చతురస్రం మీద ప్రోబ్ ట్రిమ్మర్ సరిచేయండి, మూలలు గుండ్రంగానో కొమ్ములుగానో ఉంటే ఎత్తులన్నీ అబద్ధమే.

ఇంత చేశాక కూడా స్విచింగ్ ఫ్రీక్వెన్సీలో పెద్ద మెట్టు మిగిలితే అప్పుడు కెపాసిటర్. సెకండరీలో పీక్ 8 ఆంపియర్లు, ఈఎస్ఆర్ 0.05 ఓం అయితే ఫిల్టర్ చోక్‌కు ముందే 0.4 వోల్టుల మెట్టు. మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ చూసి బాగుందని వదిలేస్తే ఇది దొరకదు, ఆ కొలత చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో జరుగుతుంది. ఈఎస్ఆర్ 100 కిలోహెర్ట్జ్‌లో చూడాలి. 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల లో ఈఎస్ఆర్ కెపాసిటర్ 0.1 లోపు ఉండాలి, 0.5 దాటితే చెత్తబుట్టకే. 10 మైక్రోఫారడ్, 50 వోల్టులది 1, 2 ఓంలు చూపించినా మంచిదే. రెండు మూడు కెపాసిటర్లు ప్యారలల్‌గా ఉంటే బాగున్నది పోయినదాన్ని దాచేస్తుంది, ఒక కాలు లేపక తప్పదు.

ఖమ్మం_బోర్డ్స్

స్ప్రింగు పెట్టి, లిమిట్ వేస్తే 400 కాస్తా 70 అయింది. కొనేవాటిలో ముందు ఏది?

హాట్‌సైడ్

ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ముందు. తర్వాత ఈఎస్ఆర్ మీటర్, లేదా 100 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లే ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ కొలిచేది). డీఈ-5000 లాంటిది రెండు పనులూ చేస్తుంది.

మూడోది ట్రూ ఆర్‌ఎంఎస్ మల్టీమీటర్, అంటే సైన్ కాని వేవ్ అయినా అసలు ఏసీ విలువ చూపించేది. ఇళ్ల ఇన్వర్టర్లు కూడా రిపేరుకు వస్తుంటే ఇది తప్పదు. మామూలు మీటర్ సగటు కొలిచి, అది సైన్ వేవే అనుకుని 1.11తో గుణించి చూపిస్తుంది. 325 వోల్టుల పీకుతో, సగం సేపు సున్నాలో ఉండే మెట్ల వేవ్ ఇచ్చే ఇన్వర్టర్‌లో అసలు ఆర్‌ఎంఎస్ 230. మామూలు మీటర్ 180 చూపిస్తుంది. దాన్ని నమ్మి ప్రీసెట్ తిప్పి 230కి తెస్తే ఆ ఇంట్లో ఫ్యాను గుయ్యిమంటుంది, అడాప్టర్లు పోతాయి. కొనేటప్పుడు లోపలి ఫ్యూజు చూడు. పొడవాటి సెరామిక్ హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు (పెద్ద షార్ట్ కరెంటును కూడా పేలకుండా తెంపేది) ఉండాలి, గాజు ఫ్యూజు మీటర్ మెయిన్స్ పనికి వద్దు. డీటీ830 తరహా మీటర్లలో 10 ఆంపియర్ల సాకెట్‌కు అసలు ఫ్యూజే ఉండదు, ప్రోబ్ అందులో మరిచిపోయి వోల్టేజీ చూస్తే చేతిలోనే పేలుతుంది.

డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌తో పని లేకుండా రెండు పాయింట్ల మధ్య తేడా చూపించేది) చివరికి, ప్రైమరీ పని రోజూ ఉంటేనే. ఈలోపు మోస్‌ఫెట్ డ్రెయిన్ కాలు చూడాలంటే ఐసోలేషన్ మీద 100:1 ప్రోబ్ వాడు. డ్రెయిన్ దగ్గర 325, దానికి తోడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తిరిగొచ్చే 100 చిల్లర, ఆపైన స్పైకు, అన్నీ కలిపి 500 దాటుతుంది. 10ఎక్స్ ప్రోబ్ మీద రాసిన వోల్టేజీ హద్దు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. పైగా ఆ ప్రోబ్ పక్కనున్న చిన్న స్విచ్ చెయ్యి తగిలి 1ఎక్స్‌కు జారిందంటే ఆ 500 నేరుగా స్కోప్ లోపలికే. ఆ స్విచ్‌ను 10ఎక్స్ దగ్గర ఉంచి టేపు చుట్టెయ్యి.