ఎగ్జిబిషన్ దెయ్యాల కొంపలో బొమ్మలు చూస్తే నవ్వొచ్చింది, అయినా అరిచేశాం. ఎందుకంటారు?

అంబాజీపేట కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మొన్న భీమవరంలో ఎగ్జిబిషన్ కెళ్ళి హారర్ హౌస్ ఎక్కామండి ఫ్రెండ్సందరం. నిజం చెప్పాలంటే లోపల సరుకేం లేదు, రబ్బరు చేతికి కుట్లు కనబడిపోతున్నాయి, దెయ్యం నైటీ కింద హవాయి చెప్పులు, అయినా మలుపు తిరగ్గానే ఆడు ఒక్క కేకేసేసరికి మాలో జిమ్ముకెళ్ళే బాడీగాడితో సహా అందరి పై ప్రాణాలు పైనే పోయాయి. తెలిసి తెలిసి ఎందుకు దడుసుకుంటామండి అలాగ?
అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా పెదనాన్నగారి కొబ్బరి గొడౌను సంక్రాంతికి ఖాళీగా ఉంటదంట, కనుమ నాడు ఎలాగూ ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికే పోద్ది కాబట్టి భోగి, పండగ రెండు రాత్రులు అందులో మేమే ఒకటి పెడదామని. బడ్జెట్ చాలా తక్కువ, మాస్కులు ఆన్‌లైన్లో చూస్తే రేట్లు మండిపోతున్నాయి. ఎవరన్నా చెయ్యి పెట్టినోళ్ళుంటే చెప్పండి.

లైటింగ్ మావయ్య, తణుకు:
తమ్ముడూ, నేను కుర్రతనంలో ఎగ్జిబిషన్ల కూడా ఊళ్ళు తిరిగినోణ్ణి. మాస్కుల మీద డబ్బులు తగలెయ్యకు, దారి మీద పెట్టు. టికెట్ కౌంటర్ దగ్గర ఆ ఫోకస్ లైట్లు మొహమ్మీద ఎందుకు కొట్టిస్తారనుకున్నావ్? కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడద్ది, నువ్వు లోపలుండేది ఐదు నిమిషాలు, అంటే మొదటి నుంచి చివరిదాకా సగం గుడ్డోడివే. సరుగుడు బాదులు పాతి నల్ల బరకాలు కట్టి నాలుగడుగులకో మలుపు తిప్పెయ్, ముందేముందో కనబడకూడదు.
తర్వాత అసలు కిటుకు. కుడి పక్క మూల ఒక బొమ్మ పెట్టి దానిమీద చిన్న ఎర్రలైటు వెయ్యి. బొమ్మ ఎంత చెత్తగా ఉంటే అంత మంచిది, "ఇదా దెయ్యం" అని జనం అటు చూసి నవ్వుతారు, నవ్వేటప్పుడు మనోడు ఎడమ పక్క బరకం సందులోంచి రావాలి. వచ్చినోడు ఒక్క కేకేసి వెంటనే మాయమైపోవాల, ఇంకో రెండు సెకన్లు నిలబడ్డాడా చెప్పులు చూసేస్తారు. ఎదురుగా మాత్రం రాకూడదు, ఎదురుగా వస్తే గుంపంతా వెనక్కి తోసుకుని తొక్కిసలాట అయిపోద్ది, పక్క నుంచో వెనక నుంచో తోలితే వాళ్ళే ముందుకి పరిగెడతారు, లైను కూడా కదులుద్ది. రెండు గదుల్లో భయపెట్టాక మూడో గది ఖాళీగా వదిలెయ్. అందులో ఏం పెట్టొద్దు. జనం ఎక్కువ వణికేది అక్కడే.
పంక్చర్ షాపోడి కంప్రెసర్ అడిగి కాళ్ళ దగ్గర ఒక్కసారి గాలి వదిలించు, నా మాట గుర్తుంటది. మనిషిని మాత్రం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే తన్నులాటే.

ఫిజిక్స్ మేష్టారు (రిటైర్డ్):
బాబూ, నీ మొదటి ప్రశ్నకి జవాబు. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే కన్ను ఆర్పడం 50 మిల్లీసెకన్ల లోపే మొదలవుతుంది, అది మెదడు కాండం దగ్గర జరిగిపోయే పని. వాడు వేషగాడే అని ఆలోచించే భాగం తేరుకునేసరికి నువ్వు ఎగిరి పడటం అయిపోయింది. కాబట్టి జిమ్ముకెళ్ళినా ఒకటే, మా క్లాసులో పాఠం విన్నా ఒకటే.
ఇంకో సంగతి, తక్కువ ఖర్చులో మంచి దెయ్యం కావాలంటే ఒక పెద్ద గాజు పలక చాలు. 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన చూపించాడు, ఊహ హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరుది, పేరు మాత్రం పెప్పర్‌కి వచ్చింది. గాజుని చూసేవాళ్ళకి 45 డిగ్రీల్లో నిలబెట్టి, పక్కన వాళ్ళకి కనబడని చోట నల్లగుడ్డ ముందు తెల్లచీర మనిషిని పెట్టి, డిమ్మరుతో ఆ మనిషి మీద లైటు మెల్లగా పెంచితే గాజు వెనక ఖాళీ గదిలో ఆవిడ గాల్లో తేలుతున్నట్టు, అవతలి గోడ కూడా కనబడేట్టు ఉంటుంది. 1969లో తెరిచిన డిస్నీలాండ్ హాంటెడ్ మాన్షన్‌లో దెయ్యాల డాన్సు ఇదే.
చెవికి వినబడనంత లోతైన 19 హెర్ట్జ్ శబ్దం పెడితే పక్కన దెయ్యం ఉన్నట్టనిపిస్తుంది, అది పెట్టమని ఎవరైనా అంటే నమ్మకు. విక్ టాండీ అనే ఇంజనీరు 1998లో రాసిన పరిశోధన పేపర్ పట్టుకుని అందరూ అదే చెబుతారు, డీజే బాక్సుల వల్ల అయ్యే పని కాదది.

రాజోలు రౌడీ బేబీ కాదు:
అమెరికాలో చైన్ తీసేసిన చెట్టుకోత మిషన్ పట్టుకుని తరుముతారు కదా, మనూళ్ళో కూడా పనిచేస్తది, పెట్రోలు వాసనొస్తే బుర్ర పనిచెయ్యదు. వాసనంటే గుర్తొచ్చింది, ఎండుచేపలు పెట్టకండి బాబూ, మనోళ్ళకి భయం బదులు ఆకలేస్తది 😂 అగరొత్తులు, వాడిపోయిన బంతిపూల దండ, పన్నీరు, ఈ మూడూ చాలు, గదిలో బొమ్మ కూడా అక్కర్లేదు. పాడె గీడె మాత్రం వద్దు, పండగ పూట పీనుగేంట్రా అని పెద్దోళ్ళు చీపురు తిరగేస్తారు.

పాలకొల్లు ఆడపడుచు:
అందరూ భయపెట్టడం చెబుతున్నారు గానీ కొబ్బరి గొడౌను అన్నాక పీచు, డొక్కలు ఉంటాయి కదండీ, దానికి తోడు బరకాలు, ఫాగ్ మిషను, వేలాడే వైర్లు. 1984 మే 11న అమెరికాలో న్యూజెర్సీలో హాంటెడ్ కాజిల్ అంటుకుని 8 మంది టీనేజ్ పిల్లలు చనిపోయారు, చీకటి, పొగ, మలుపుల్లో దారి దొరకలేదు. మావయ్యగారు చెప్పిన మలుపులు బాగానే ఉన్నాయి గానీ ప్రతి గదికీ బయటికి తోసుకుని వెళ్ళే సందు ఒకటి ఉంచండి, లోపల మనిషి ఒక్క స్విచ్ నొక్కితే మొత్తం ట్యూబ్‌లైట్లు వెలగాలి. కొవ్వొత్తులు వద్దేవద్దు. గబగబా ఆరి వెలిగే స్ట్రోబ్ లైటు పెడితే బయట బోర్డు రాయండి, మూర్ఛ ఉన్నవాళ్ళకి దాంతో ఫిట్స్ రావచ్చు.
చిన్నపిల్లల్ని రానివ్వకండి. మా ఊళ్ళో ఇలాంటిది చూసొచ్చిన పిల్లాడికి జడుపు జ్వరం వచ్చిందని తాయెత్తు కట్టించారు, ఆ తల్లి తిట్లు కమిటీ కుర్రాళ్ళే తిన్నారు. అయినా మరీ భయపెట్టక్కర్లేదండి, డెన్మార్క్‌లో ఆర్హస్ యూనివర్సిటీ వాళ్ళు హాంటెడ్ హౌస్‌కొచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే మిషన్లు పెట్టి చూసి 2020లో రాశారు, మరీ తక్కువ భయపడినా మరీ ఎక్కువ భయపడినా సరదా తగ్గిపోయిందంట, మధ్యలో ఉన్నోళ్ళే బాగా ఎంజాయ్ చేశారు. పులుసులో కారం లెక్కే.

అంబాజీపేట కుర్రోడు:
ఆయ్ చాలా థాంక్సండి అందరికీ. పీచంతా తీయించి కళ్ళంలో వేయిస్తానని పెదనాన్న ఒప్పుకున్నారు, వెనక రెండు తలుపులూ తాళం లేకుండా ఉంచుతాం. చెట్టుకోత మిషను మా బాబాయిదుంది. మేష్టారూ, గాజు పలక మనిషంత ఎత్తుది కావాలి కదా, షాపోడు కొనమంటున్నాడు, దాని బదులు అక్రిలిక్ షీటు వాడితే బొమ్మ వంకరగా వస్తదా?