కొలెస్ట్రాల్‌కి తుప్పు పడుతుందా, ముక్కిపోతుందా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక్క మాట గురించి మీ అభిప్రాయం కావాలి.

పోయిన నెల మా బావగారికి విజయవాడ సూర్యారావుపేటలో స్టెంట్ వేశారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన తెలుగు కరపత్రంలో "చెడు కొలెస్ట్రాల్‌కి తుప్పు పట్టడం వల్ల" అని ఉంది. మా అక్క అది చదివి, తుప్పు పట్టేది ఇనుముకే కదా, ఐరన్ ఎక్కువైందేమో అని గోంగూర, తోటకూర వండటం మానేసింది. రెండు వారాలు ఆ ఇంట్లో పప్పులో ఆకు పడలేదు. అక్క తప్పేం లేదు, రాసిన మాటను నమ్మింది.

కరపత్రం చెప్పదలచింది ఆక్సీకరణ గురించి. ఆ మాట జనానికి అందదని, బళ్లో చదివిన తుప్పును తెచ్చి పెట్టారు. రెండూ ఆక్సిజన్ పనే, నిజమే. కానీ మన భాష ఒక్కో వస్తువుకి ఒక్కో మాట దాచుకుంది. ఇనుముకి తుప్పు, రాగికి చిలుము. కొవ్వుకైతే ముక్కిపోవడం. డబ్బా అడుగున మిగిలిపోయిన జంతికలు, మూత సరిగ్గా పెట్టని వేరుశనగ నూనె: ఆ వాసన తెలియని తెలుగిల్లు ఉండదు.

చెడు కొలెస్ట్రాల్ అనేది, అంటే ఎల్‌డీఎల్, కొవ్వు మూటే. రక్తనాళం గోడలో దానికి జరిగేదీ, డబ్బాలో నూనెకి జరిగేదీ ఒకే తరహా రసాయన చర్య. ఒక కొవ్వు ఆమ్లం చెడి పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఇంకోదాన్ని. తుప్పులో ఈ గొలుసు లేదు. అలా చెడిన ఎల్‌డీఎల్‌ని మాక్రోఫేజ్ కణాలు (ఒంట్లో చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు) మింగుతాయి. చెడని ఎల్‌డీఎల్‌ని అయితే కణాలు అవసరం మేరకు తీసుకుని, చాలనగానే తలుపు మూసేస్తాయి. చెడినదానికి ఆ తలుపు లేదు. మాక్రోఫేజ్‌లు దాన్ని మింగి మింగి కొవ్వు బొట్లతో నిండిపోయి మైక్రోస్కోపులో నురుగులా కనిపిస్తాయి, అందుకే నురుగు కణాలని పేరు. ఈ వరసంతా కలిపి 1989లో డేనియల్ స్టైన్‌బర్గ్, ఆయన తోటి పరిశోధకులు ఒక వ్యాసంలో వివరించారు.

ఇదంతా గొట్టంలో కాదు, గోడ లోపలి పొరలో జరుగుతుంది. అందుకే రక్తనాళాల్లో "పూడిక" అన్న మాట కూడా నాకు సరిపడలేదు. ఏలూరు కాలవలో పూడిక తీస్తే నీళ్లు పారతాయి. ఇక్కడ గట్టే లోపల్నుంచి చెడి ఉబ్బుతోంది.

కాబట్టి కరపత్రంలో తుప్పు బదులు "కొవ్వు ముక్కిపోవడం" అని రాద్దామంటాను. మీ వైపు ఈ వాసనకి ఏమంటారో కూడా చెప్పండి.

గుంటూరు సభ్యురాలు: నేను పాథాలజీ చెబుతానండి. మాట బాగుంది. నాకు "ధమనీ కాఠిన్యం" మీద ఇలాంటి బాధే ఉంది. ఈ జబ్బుకి ఇంగ్లీషులో అథెరోస్క్లెరోసిస్ అంటారు, దాన్నే తెలుగులో అలా రాస్తున్నాం. ఆ పేరు 1904లో ఫెలిక్స్ మార్షాన్ పెట్టాడు. గ్రీకులో అథెరే అంటే జావ, స్క్లెరోస్ అంటే గట్టి. మనం గట్టిని ఉంచుకుని జావని పారబోశాం. కానీ ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఆ జావే. పైపొర చిట్లి అది రక్తానికి తగిలితే అక్కడికక్కడే గడ్డ కడుతుంది. గోడ కోసి చూస్తే పసుపుపచ్చగా, మెత్తగా, చిక్కటి జావలాగే ఉంటుంది.

తెనాలి సభ్యుడు: మేమూ ముక్క వాసన అనే అంటాం. ఆవకాయలో నువ్వుల నూనె పోసేది తొందరగా ముక్కిపోదనే కదా. మరి ఒంట్లో కొవ్వు ముక్కిపోకుండా, ఆక్సీకరణని అడ్డుకుంటుందనే విటమిన్ ఇ మాత్రలు వేసుకోవచ్చా అండీ?

తెనాలి సార్‌కి: ఈ ప్రశ్న వస్తుందనే భయపడ్డానండి. 2000లో వెలువడిన హోప్ పరిశోధనలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 9,000 మందికి పైగా తీసుకుని, కొందరికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి, సుమారు నాలుగున్నరేళ్లు చూశారు. గుండెపోట్లు తగ్గలేదు. జాడీలో కుదిరింది ఒంట్లో కుదరలేదు. కాబట్టి కరపత్రంలో ఈ మాట పక్కనే "విటమిన్ మాత్రలు దీనికి మందు కాదు, డాక్టరు రాసిన స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మానకండి" అని కూడా ఉండాలి.

మేడమ్‌కి: మీ జావని కూడా కలిపి కరపత్రంలోని ఆ భాగం తిరగరాసి ఆదివారం ఇక్కడే పెడతాను. దయచేసి మీరే దిద్దాలి.